తరవాణి కుండ నుంచి బీరు గ్లాసు దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెలరోజుల కిందట సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "ఉద్యోగం గురించి అందరూ మాట్లాడతారు. నువ్వు నీకు సరదా ఉన్న విషయం ఏదైనా ఒక పావుగంట చెప్పు" అన్నారు. "నాకు సరదా ఉన్నది బీరు గురించండీ" అన్నాను. అటునుంచి మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. కాసేపటికి, "మాస్టార్లు ముందు వరసలో కూర్చుంటారు. బాగా ఆలోచించుకో నాయనా" అన్నారు.

పది రోజులు ఆలోచించాను. మన ఊళ్ళో తాగుడు గురించి వేదిక మీద మాట్లాడితే "మానండి" అనే మాటే వినబడుతుంది. వేదిక దిగాక మాత్రం తాగేవాళ్ళు తాగుతూనే ఉంటారు. ఈ రెంటికీ మధ్య మాట్లాడుకోవలసింది ఏదో ఉందనిపించి, ఇదే విషయం ఎంచుకున్నాను. నేను ఎవర్నీ తాగమని చెప్పడానికి రాలేదు. అలవాటు లేనివాళ్ళు మొదలుపెట్టవలసిన అవసరం అసలు లేదు. ఒక గ్లాసులో ఈ బడిలో చదువుకున్నది ఎంత కనబడిందో చెబుతాను. చివర్లో ఒక స్నేహితుడి గురించి చెబుతాను. ఆ రెండూ ఒకే కథ.

నేను బెంగుళూరులో స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు తయారుచేసే చోట పనిచేస్తున్నాను. పాల డెయిరీలకి, మందుల కంపెనీలకి ట్యాంకులు చేస్తూ వచ్చాం. 2009లో పుణెలో డూలాలీ, 2010లో బెంగుళూరు ఇందిరానగర్‌లో టాయిట్, ఇలా మన దేశంలో చిన్న చిన్న బ్రూవరీలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీలో చేసి సీసాల్లో నింపి లారీల్లో పంపేది కాదు. అక్కడికక్కడే కాచి, పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోసేది. తెలంగాణ ప్రభుత్వం 2015లో వీటికి నిబంధనలు తెచ్చాక హైదరాబాదులోనూ వచ్చాయి. ఇలాంటి చోట చేసేదాన్ని క్రాఫ్ట్ బీరు అంటున్నారు. చేనేత చీరకీ మిల్లు చీరకీ ఉన్న తేడా లాంటిదే ఇది. అమెరికాలో ఈ పద్ధతికి దారి చూపినవాళ్ళలో కెన్ గ్రాస్‌మన్ ఒకరు. 1980లో సియెర్రా నెవాడా అనే బ్రూవరీ మొదలుపెట్టినప్పుడు ఆయన డబ్బులు చాలక పాత పాల డెయిరీ ట్యాంకులు కొని వాడుకున్నారు. అందుకని మా ట్యాంకుల వాళ్ళకి ఆయనంటే కొంచెం అభిమానం.

2011లో మాకూ ఒక బ్రూవరీ ఆర్డరు వచ్చింది. వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగు. బిగించడానికి నేను వెళ్ళాను. అప్పటికి నాకు బీరంటే తెలిసింది ఒక్కటే: పెళ్ళిళ్ళలో మిద్దె మీద చీకట్లో కుర్రాళ్ళు తాగే చేదు నీళ్ళు. అక్కడ బీరు కాచే మనిషి, బ్రూవరు, నా చేతిలో గుప్పెడు గింజలు పోసి నమలమన్నాడు. కరకరలాడుతూ తియ్యగా ఉన్నాయి. వాసన నాకు బాగా తెలిసినదే, కానీ ఎక్కడిదో చప్పున గుర్తు రాలేదు. రాత్రి నిద్రపోయే ముందు గుర్తొచ్చింది. మా అమ్మ చోళ్ళు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసిరేది. ఆ తిరగలి చుట్టూ ఉండే వాసన.

బీరుకి మొదటి మెట్టు అదే. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక పైకి రావాలంటే గింజలో దాచుకున్న పిండిపదార్థం చక్కెరగా మారాలి. అందుకు కావలసిన ఎంజైములు గింజే తయారుచేసుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో దాన్ని ఆరబెట్టి, మొలక ఎదగకుండా ఆపేస్తారు. అదే మాల్ట్. మనం రాగి మాల్ట్ అని డబ్బాల మీద చదివే మాట ఇక్కడిదే. ఈ మాల్టుని నలగ్గొట్టి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్ళలో ఒక గంట ఉంచుతారు. ఎంజైములు మళ్ళీ లేచి, మిగిలిన పిండినంతా చక్కెర చేస్తాయి. వేడి 80 డిగ్రీలకి పెరిగిందా, ఎంజైములు పాడవుతాయి, పని ఆగిపోతుంది. అందుకే ట్యాంకుకి థర్మామీటరు ఎక్కడ పెట్టాలన్నది నా ఉద్యోగంలో పెద్ద తగాదా.

తర్వాత ఆ తియ్యని రసాన్ని వడగట్టి గంటసేపు మరిగిస్తారు. ఇది చూస్తే నాకు నవ్వొచ్చింది. మన చెరకు గానుగ దగ్గర బెల్లం పెనం తప్ప మరేమీ కాదు. నురగ అలాగే పొంగుతుంది, మడ్డి అలాగే పైకి తేలుతుంది, పొంగిపోకుండా ఒక మనిషి అలాగే కాచుకుని ఉండాలి. బెల్లం పాకంలో మనవాళ్ళు మడ్డి విరగడానికి సున్నం వేస్తారు, బెండ జిగురు వాడతారు. బ్రూవరీలో అదే పనికి సముద్రపు నాచు వేస్తారు. తేడా ఒక్కటే: వాళ్ళు మరుగుతున్న రసంలో హాప్స్ అనే తీగ పువ్వులు వేస్తారు. బీరులో చేదు, పూల వాసన వాటివే. చెడిపోకుండా కాపాడేదీ చాలావరకు అవే.

రసం చల్లార్చాక ఈస్టు కలుపుతారు. అది చక్కెర తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు ఇస్తుంది. పదో తరగతిలో ఈ సమీకరణం తుల్యం చేయలేక నేను బెంచీ ఎక్కాను. ఆ మాస్టారు ఇప్పుడు ముందు వరసలో ఉన్నారు. మాస్టారూ, ఇప్పుడు వచ్చు.

ఎంత చక్కెర తిన్నదో తెలియడానికి హైడ్రోమీటరు వేస్తారు. మన లేబొరేటరీలో బీరువాలో తాళం వేసి ఉండేది చూడండి, అదే. ఈస్టు కలిపే ముందు రసం సాంద్రత నీటితో పోలిస్తే 1.048 ఉందనుకోండి. పులిసాక 1.010కి దిగింది. తేడా 0.038. దాన్ని 131తో గుణిస్తే సుమారు 5. అంటే ఆ బీరులో ఆల్కహాలు 5 శాతం. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరకు రసానికి బ్రిక్స్ చూస్తారు కదా, బ్రూవరీలో వాడే ప్లేటో కొలతకీ దానికీ మూలం ఒక్కటే: వంద గ్రాముల ద్రవంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉన్నదని. చెరకు రైతు బిడ్డకి బ్రూవరీలో అర్థం కానిదేమీ లేదు.

ఉపాధ్యాయులున్న సభ కాబట్టి ఇంకొక మాట. మనకి పరీక్షల్లో మార్కులు తెచ్చిన శాస్త్రం కొంత బీరు పీపాల పక్కనే పుట్టింది. ఉష్ణానికీ పనికీ సంబంధం తేల్చిన జౌల్ ఇంగ్లండులో సాల్‌ఫర్డ్‌లోని ఒక బ్రూవరీ యజమాని కొడుకు. ఉష్ణోగ్రత కొలవడం ఆయనకి ఆ ఇంటి వాతావరణంలోనే అబ్బిందంటారు. లిట్మస్ తర్వాత మనం నేర్చుకున్న పీహెచ్ కొలతని 1909లో ప్రవేశపెట్టిన సోరెన్‌సెన్ పనిచేసింది కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ నడిపిన ప్రయోగశాలలో. సంఖ్యాశాస్త్రంలో "స్టూడెంట్స్ టీ టెస్ట్" అని చదివినవాళ్ళు ఇక్కడ ఉంటారు. ఆ స్టూడెంట్ అసలు పేరు గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బ్రూవరీ ఉద్యోగి. 1908లో మారుపేరుతో ఆ వ్యాసం ప్రచురించారు. ఇక పాశ్చర్ 1876లో బీరు మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన కాలం దాకా ఈ పులియడం వెనుక ఉన్న జీవి సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. 1516లో జర్మనీలో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేమీ కలపకూడదని శాసనం చేశారు. అందులో ఈస్టు పేరే లేదు. అదొక జీవి అని అప్పటికి తెలిస్తే కదా!

సరే, ఇక రుచుల సంగతి. బీరు ఎన్ని రకాలున్నా ఈస్టుని బట్టి రెండు పెద్ద కుటుంబాలు. గది వేడిలో, 20 డిగ్రీల దగ్గర, వారం పది రోజుల్లో పులిసేవి ఏల్ జాతి. 10 డిగ్రీల చలిలో నెమ్మదిగా పులిసి, ఇంకా చల్లగా వారాల తరబడి నిలవుండేవి లాగర్ జాతి. మన దుకాణాల్లో దొరికే సీసాలు దాదాపు అన్నీ లాగర్లే. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర బంటుపల్లి ఫ్యాక్టరీలో చేసేదీ అదే. బంగారు రంగు లాగరుకి మూలం ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ పట్టణం. 1842లో యోసెఫ్ గ్రోల్ అనే ఆయన అక్కడ మొదటిసారి కాచాడు. ఊరి పేరుతోనే దాన్ని పిల్స్‌నర్ అన్నారు. ప్రపంచం నిండా ఇప్పుడు తాగేది దాని పిల్లల్నీ మనవల్నీ.

నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. ట్యాంకు బిగించిన ప్రతిచోటా తలా వంద మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వరసగా పెడతారు. వాళ్ళు జర్మన్ పేర్లూ బెల్జియం పేర్లూ చెప్పేవారు. నాకు అవి నోరు తిరిగేవి కావు. అందుకని ప్రతిదానికీ మన ఊరి పేరు పెట్టుకున్నాను. ఆ జాబితా మీకు చెబుతాను.

మొదటిది హెఫెవైజెన్, గోధుమ బీరు. మబ్బుగా, పలచటి పసుపు రంగులో ఉంటుంది. వాసన చూస్తే మగ్గిన అరటిపండు, లవంగం. పండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. ఆ జాతి ఈస్టే ఆ రెండు వాసనల్నీ తయారుచేస్తుంది. అరటిపండులో ఏ రసాయనం ఉందో గ్లాసులోనూ అదే ఉంది. దీనికి నేను పెట్టుకున్న పేరు మాడుగుల. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, ఆ తర్వాత హల్వా చేసే ఊరు మనకి పక్కనే ఉంది. గోధుమ పాలు పులిస్తే ఎంత మెత్తటి రుచి వస్తుందో మాడుగుల వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండోది విట్, బెల్జియం గోధుమ బీరు. ఇందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాలు అనగానే నాకు సగం భయం పోయింది. ఈ రకం 1950ల్లో పూర్తిగా అంతరించిపోయింది. హూగార్డెన్ అనే ఊళ్ళో చిన్నప్పుడు పక్కింటి బ్రూవరీలో సాయం చేసిన పియెర్ సెలిస్ అనే పాలవాడు, ఆ రుచి గుర్తుపెట్టుకుని 1966లో మళ్ళీ కాచి బతికించాడు. ఒక్క మనిషి గుర్తుపెట్టుకుంటే ఒక రుచి చావదని ఆయన్ని చూసి తెలుసుకున్నాను.

మూడోది గోజె. జర్మనీలో గోస్లార్, లైప్‌జిగ్ ఊళ్ళది. పుల్లగా ఉంటుంది, ఉప్పూ ధనియాలూ వేస్తారు. ఇది మన మజ్జిగే. ఎండాకాలం పొలం నుంచి వచ్చిన మనిషికి ఇచ్చేది ఏ దేశంలోనైనా ఒకటే అనిపించింది.

నాలుగోది ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఉంది కానీ ఇండియాది కాదు. కంపెనీ వాళ్ళ కాలంలో ఇంగ్లండు నుంచి ఓడల్లో ఇక్కడికి పంపిన బీరు. నెలల ప్రయాణం తట్టుకోవాలని హాప్స్ ఎక్కువగా వేసేవారు. మొదటి గుక్క తాగి నేను కషాయం అనుకున్నాను. నాలుగో నెలకి గాని దానిలో నారింజ తొక్క, మామిడి జీడి, లేత గడ్డి వాసనలు దొరకలేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వుని చిన్నప్పుడు ఏరి పారేసి, పెద్దయ్యాక అదే లేకపోతే పచ్చడి కాదంటాం చూశారా, అలాంటిది.

ఐదోది స్టౌట్. నల్లగా, మాడ్చిన బార్లీతో చేస్తారు. కాఫీ, అడుగంటిన పాకం వాసన. నల్లగా ఉంది కాబట్టి ఘాటుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. డబ్లిన్ స్టౌటులో ఆల్కహాలు నాలుగు శాతం పైన కొద్దిగా, అంతే. రంగు చూసి మనిషినీ బీరునీ అంచనా వేయకూడదు.

ఆరోది నాకు అన్నిటికన్నా దగ్గరది. బెల్జియంలో బ్రసెల్స్ పక్క పల్లెల్లో లాంబిక్ అని కాస్తారు. దానికి ఈస్టు కలపరు. మరిగించిన రసాన్ని వెడల్పాటి తొట్టెలో పోసి రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలో ఏముంటే అది దిగి పులియబెడుతుంది. పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఒక బ్రూవరు విదేశం నుంచి తెచ్చిన సీసా విప్పి నాకు కొంచెం పోశాడు. గ్లాసు ముక్కు దగ్గరకి తెచ్చానో లేదో, మా పెరటి గది, గోడవార ఉట్టి, దాని మీద మా నాయనమ్మ తరవాణి కుండ మూత తీసిన వాసన. గంజీ, అన్నమూ, కుండ గోడకి తరాలుగా అంటుకున్న పులుపూ. ఆవిడ కుండని ఎప్పుడూ పూర్తిగా కడగనిచ్చేది కాదు, "అది చస్తదిరా" అనేది. ఏది చస్తుందో ఆవిడకి పేరు తెలియదు. బెల్జియం వాళ్ళు పీపాలు వదులుకోనిదీ, కొన్నిచోట్ల కప్పు మీద బూజు కూడా దులపనిదీ ఆ భయంతోనే. మన తాటి కల్లూ, ఘాటు ఎక్కాక దొరికే జీలుగు కల్లూ ఇలా గాలిలోని జీవులతోనే పులుస్తాయి. తెల్లవారి తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా ఉండడం అందుకే.

ఇది ఊరికి వచ్చి మా అమ్మకి చెప్పాను. అంతా విని, "బార్లీ నీళ్ళు జ్వరానికి పడతాంరా. దానికి ఇంత చదువా?" అంది.

రుచి చూసే పద్ధతి కూడా ఒకటుంది. తేలిక రకంతో మొదలుపెట్టి నల్లదానికీ చేదుదానికీ వెళ్ళాలి. మరీ మంచులా చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, రుచి తెలియదు. ముందు వాసన చూడాలి, ఆ తర్వాతే గుక్క. మధ్యలో మంచినీళ్ళు. మొత్తం కలిపి ఒక గ్లాసుకి మించకూడదు. మూడో గ్లాసుకి ఏ రకమైనా ఒకటే, ముక్కు పనిచేయదు. ఇదంతా ముక్కు పని. నోటికి తెలిసే రుచులు కొద్దే.

ముక్కు దగ్గరే నా స్నేహితుడు గుర్తొస్తాడు.

మా బ్యాచి వాళ్ళకి వాడెవడో తెలుసు, పేరు చెప్పను. వాళ్ళ ఇంట్లో గానుగ ఉండేది. పాకం దించే అదను వాళ్ళ నాన్న చెయ్యి నీళ్ళలో ముంచి, ఉండ కట్టి చూసేవాడు. వీడు దూరంగా కూర్చుని వాసన పట్టి "నానా, అయిపోయింది" అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి లేబొరేటరీలో సీసాల చీటీలు ఊడిపోతే, మాస్టారు వీణ్ణి పిలిచి, దూరం నుంచి చేత్తో విసిరి చూడమని జాగ్రత్తలు చెప్పి, ఏది ఏదో చెప్పించారు. మా బ్యాచి మొత్తంలో వాడిదే మంచి ముక్కు. నేను బెంగుళూరులో చూసిన ఏ బ్రూవరుకీ అంతటి ముక్కు లేదని ఇవాళ ధైర్యంగా చెప్పగలను.

వాడు ఇంగ్లీషులో తప్పాడు. రెండోసారి కట్టలేదు. గానుగ పనిలో ఉండిపోయాడు. ఆ రోజుల్లో సారా ఎలా ఉండేదో పెద్దలకి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు దుకాణం మూయించి మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. చట్టం వచ్చిందీ పోయిందీ, వాడి తాగుడు మాత్రం ఆగలేదు. ప్యాకెట్టు లేనప్పుడు నాటుసారా, అది దొరకనప్పుడు క్వార్టరు సీసా. నాటుసారా కాసేదీ బెల్లంతోనే, అమ్ముడుపోని పాడైన బెల్లంతో.

2012 సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు వడ్డాది జంక్షన్లో కనిపించాడు. ఒళ్ళు పసుపు పచ్చగా, కాళ్ళు వాచి ఉన్నాయి. టీ తాగుదాంరా అంటే వద్దన్నాడు. రెండొందలు అడిగాడు. నేను ఐదొందలు ఇచ్చాను. అవి ఎక్కడికి వెళతాయో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను, ఎందుకంటే చోడవరం బస్సు కదులుతోంది, నాకు అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలని ఉంది. బస్సులోంచి చూస్తే వాడు కిళ్ళీ బడ్డీ వెనక నిలబడి, ఎడమ చేత్తో ముక్కు మూసుకుని, కుడి చేత్తో గ్లాసు ఒక్క గుక్కలో ఎత్తాడు. అంతటి ముక్కుని మూసుకుని తాగాడు. వారం తిరగకుండా నేను బెంగుళూరులో ఒక గ్లాసు ముందు కూర్చుని, ఇందులో అరటిపండు వాసన తెలుస్తోందా అని అడిగితే తల ఊపుతున్నాను. ఆ ఏడాది ఆఖరికి వాడు పోయాడు. కార్యానికి కూడా నేను రాలేదు.

నేను బీరు రుచులు నేర్చుకున్నది మంచివాణ్ణి కావడం వల్ల కాదు. జీతం ఉంది, తీరిక ఉంది, పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉన్నాడు. వాడికి ఈ మూడూ లేవు. అందుకని మంచి బీరు తాగేవాడు గొప్పవాడనీ, సారా తాగేవాడు చెడ్డవాడనీ నేను అనలేను. లోపల ఉన్న ఆల్కహాలు ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఆల్కహాలుని 1988లోనే క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో పెట్టింది. దానికి క్రాఫ్ట్ బీరు అనే మినహాయింపు లేదు. నాకు ఇష్టమైనదే అయినా ఈ మాట దాచి మాట్లాడితే అది మీ ముందు అబద్ధమవుతుంది.

ఇంజనీరుని కాబట్టి ఒక లెక్క చెప్పి ఊరుకుంటాను. 330 మిల్లీలీటర్ల గ్లాసు, 5 శాతం బీరు: అందులో ఆల్కహాలు సుమారు 13 గ్రాములు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా, 7 శాతం స్ట్రాంగు: 36 గ్రాములు. "ఒక్క బీరే తాగాను" అనే మనిషి నిజానికి మూడు గ్లాసులకి దగ్గరగా తాగాడు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు, 42.8 శాతం: 61 గ్రాములు. అంటే నాలుగున్నర గ్లాసులకి పైగా బీరు, అరగంటలో. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే. సీసా మీద శాతం ముద్రించి ఉంటుంది. బియ్యం కొనేటప్పుడు బస్తా బరువు చూసే మనం ఇది మాత్రం చూడం.

ఈ సభలో ఉన్న నా వయసు వాళ్ళకి ఒక మాట. మీరు తాగేది ఏదైనా, ముక్కు మూసుకుని తాగవలసి వస్తోందంటే, అది రుచి కోసం కాదు. సరదా కోసమూ కాదు. అప్పుడు ఎవరితోనైనా మాట్లాడండి. 14446 అనే ఉచిత నంబరుంది. విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అలాంటి మనిషి మీకు ఎదురుపడితే, నాలాగా ఐదొందలు చేతిలో పెట్టి బస్సెక్కకండి. ఆ బస్సు పోతే గంటకి ఇంకోటి వస్తుంది.

ఇక పిల్లల సంగతి. ఈ బడి పిల్లలకి బీరు గురించి చెప్పవలసిన పని లేదు. కానీ వాళ్ళు తాగే రాగి జావ వెనకా, ఇంట్లో పులిసే ఇడ్లీ పిండి వెనకా, గానుగ పెనం మీద పొంగే పాకం వెనకా ఉన్న రసాయన శాస్త్రం మనం చెప్పవచ్చు. మా బ్యాచి తరఫున లేబొరేటరీకి పన్నెండు హైడ్రోమీటర్లు, చెరకు రసం బ్రిక్స్ చూసే చేతి పరికరాలు నాలుగు, థర్మామీటర్లు తెచ్చాం. ఒక్క షరతు. బీరువాలో పెట్టి తాళం వేయకండి. పగిలితే మళ్ళీ పంపుతాం. చెరకు కాలంలో పిల్లల్ని ఒక గానుగ దగ్గరకి తీసుకెళ్ళండి. రసం ఎంత, పాకం ఎంత, దించే వేడి ఎంత, కొలిపించండి. వాళ్ళలో ఎవడైనా కొలవకముందే దూరంగా కూర్చుని "అయిపోయింది మాస్టారూ" అన్నాడంటే, వాడి పేరు రాసిపెట్టుకోండి. వాడికి ఇంగ్లీషులో మార్కులు తక్కువొచ్చినా సరే, మాకు ఫోన్ చేయండి. అలాంటి ముక్కుకి కాఫీలో, టీలో, నూనెల్లో, అత్తరుల్లో, మందుల్లో, ఆహార పరిశ్రమలో ఎంత పనుందో మాకు తెలుసు. వాడికి దారి చూపించే బాధ్యత ఈ సంఘానిది.

1986లో మాకు అలాంటి ఫోను చేసేవాళ్ళు లేరు. ఇప్పుడు మనం ఉన్నాం.